పన్నెండు వారాల కాగితం

“జబ్బు ఉంది,” అన్నాను.

ఫలితం కోసం వచ్చిన చిపేగో, మా ల్యాబ్ నడవలోనే చితెంగె గుడ్డ నడుముకు బిగించి, నాలుక ఆడిస్తూ కేక పెట్టింది. మా చోమా ఊరి ఆడవాళ్లు పెళ్లిళ్లలో పెట్టే కేక.

“పిచ్చిదానా, లేదనలేదు, ఉందన్నాను! నీ ఒళ్లే నీ మీద తిరగబడి రక్తం గడ్డకట్టిస్తోంది. మూడు కడుపులూ అందుకే పోయాయి.”

“విన్నానక్కా. ఇంకోసారి గట్టిగా చదువు, గేటు దాకా వినబడాలి!”

పన్నెండు వారాల క్రితం ఇదే ఫలితం వస్తే నేను సంతకం పెట్టలేదు. జ్వరం తగిలినా ఈ పరీక్ష జబ్బు ఉందనేస్తుంది, కొన్నాళ్లకు అది పోతుంది; అందుకే పన్నెండు వారాలకు మళ్లీ తీస్తాం. ఒక్కసారి తీసిన రక్తంతో ఆడదాని తలరాత రాసేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అసలు పరీక్షే లేకుండా రాసేసేవాళ్లను ఏమనాలి? చిపేగో పిల్లల్ని మింగే మంత్రగత్తె అని వాడంతా చాటింది ఆమె అత్త.

“ఈసారి నెల తప్పగానే రా. రక్తం గడ్డకట్టకుండా సూదిమందు ఉంది,” అన్నాను. చిపేగో కాగితాన్ని ముద్దు పెట్టుకుని పరుగెత్తింది.

మర్నాడు పొద్దున్నే ఆ అత్త దిగింది. తగువుకే అనుకుని నేనూ నడుం బిగించాను. ఆమె చెయ్యి చాపింది.

“నాకూ రక్తం తియ్యి.”

“ఈ వయసులో నీకెందుకమ్మా?”

“నేనూ నలుగుర్ని మింగానని చాటింది మా అత్త. దాని సమాధి దగ్గర చదివి వినిపించాలి.”

“ఉంటుందో లేదో తెలీదు. ఉన్నా పన్నెండు వారాలకు మళ్లీ రావాలి.”

“నలభై ఏళ్లు ఆగాను. పన్నెండు వారాలు ఎంతలే!” అని, నేను సూది గుచ్చకముందే, కోడలి కంటే పెద్ద కేక పెట్టింది.