కూర్చోబెట్టి చెప్పాలి

“నిలబడి చెప్పకండి. ముందు కూర్చోండి” అంది మిరియం.

గుణశేఖర్ కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే గాని కుర్చీ అంచు మీదే ఉన్నాడు. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు.

ఒమన్‌లో ఉక్కు ఫర్నేసులు కడుతున్న ఒక విదేశీ కంపెనీకి విశాఖ నుంచి మనుషుల్ని పంపే ఆఫీసది, మధురవాడలో. పంపేటప్పుడు పూలదండలు, ఫొటోలు, అందరూ చుట్టాలే. అక్కడ ఎవరికైనా ఏదైనా అయితే మాత్రం ఇంటికెళ్ళి చెప్పే పాపం మిరియంది. చావుకబురు చల్లగా చెప్పడం అని ఊరికే అంటారు గాని, చెప్పే మనిషి కడుపులో ఏముంటుందో ఆవిడకి తెలుసు. అందుకే కొత్త ఆఫీసర్లెవరైనా సరే, ఆవిడ ముందు రిహార్సల్ చెయ్యనిదే పోయినవాళ్ళ ఇంటి గుమ్మం తొక్కకూడదని రూలు పెట్టింది.

“మేడం, సైటులో కొత్త ఫర్నేసు దగ్గర... ఒకరు...”

“పోయారా?”

తలూపాడు.

“ఎవరు?”

అతను ఆవిడ ముఖంలోకి చూసి, చూపు పక్కకి తిప్పేశాడు.

“ఫారూఖేనా? ఆ ఫర్నేసు మీద అతన్నే వేశామని మొన్న సైటు నుంచి మా ఆయన ఫోన్లో అన్నారు. అయ్యో, నర్గీస్! ఆ పిల్లకి నెలలు నిండుతున్నాయి కదండీ!”

గుణశేఖర్ తల దించుకున్నాడు. మిరియం కళ్ళు తుడుచుకుంది. ఏడుపు తర్వాత, పని ముందు అనే మనిషి.

“అందుకా పొద్దుట్నుంచీ సైటులో ఒక్కరి ఫోనూ కలవట్లేదు!”

ప్రమాదం జరిగితే, ఇంట్లోవాళ్ళకి ఆఫీసు చెప్పేదాకా సైటులో అందరి ఫోన్లూ తీసేసుకుంటారు. భర్త శవం ఫొటో వాట్సాప్‌లో చూసి ఒకావిడ మెట్ల మీంచి పడిపోయిన దగ్గర్నుంచీ ఆ ఏర్పాటు. పట్టుబట్టి చేయించింది మిరియమే.

“సరే. నేనే నర్గీస్‌ని. తలుపు తీశాను” అని గొంతు మార్చేసింది. “ఏటి సార్, సెప్పాపెట్టకుండా వొచ్చీసారు? మా ఆయన బాగున్నాడు కదా?”

“అంటే... ఆయనకి కొంచెం సీరియస్‌గా ఉందమ్మా...”

మిరియం బల్ల మీద చరిచింది. “సీరియసేంటండీ? సీరియస్ అంటే బతికున్నాడనేగా! ఆవిడ దర్గాకి మొక్కుకుంటుంది. మీరు అటు వెళ్ళాక అతను మళ్ళీ ఇంకోసారి చావాలా?”

“మరెలా మేడం?”

“తలుపు వెయ్యండి. ఆవిడ్ని కూర్చోబెట్టండి. ఎదురుగా కూర్చుని, పేరు పెట్టి పిలవండి. చనిపోయారు అనండి. ఇక లేరు, దేవుడు పిలిచాడు, ఇలాంటివేం వద్దు. అన్నాక నోరు మూసుకోండి. కంపెనీ ఏమిస్తుందో అప్పుడే ఏకరువు పెట్టారా, చెప్పుచ్చుకు కొడుతుంది. కొట్టాలి కూడా.”

మళ్ళీ మొదలెట్టారు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గుణశేఖర్‌కి నిజంగానే ఏడుపొచ్చింది.

“మీరే ఏడిస్తే ఎలాగండీ? ఆవిడ మిమ్మల్ని ఓదార్చాలా?”

“నా వల్ల కాదు మేడం. పెద్దసారు నన్నే చెప్పమన్నారు.”

ఆ మాట మిరియంకి కాస్త గుచ్చుకుంది. ఇన్నేళ్ళూ తను మోసిన పనిని, ఈ పిల్లకాకికి అప్పజెప్పారు. తను పెద్దదైపోయిందనుకున్నారు కాబోలు. అయినా కోపం అతని మీద చూపించలేదు.

“వినండి బాబూ. ఎంత ఆలస్యమైతే అంత పాపం. తను విధవైందని నలుగురికీ తెలిసి, తనకొక్కదానికే తెలియకపోవడం కన్నా నరకం లేదు. అలా దాచినవాళ్ళని ఏ ఆడదీ క్షమించదు.”

గుణశేఖర్ ముఖం పాలిపోయింది. అద్దాల అవతల సీట్లలో ఎవరూ మాట్లాడుకోవడం లేదు. సహోద్యోగి పోతే ఆ మాత్రం ఉంటుంది.

మిరియం కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. “ప్రభువా, ఆ ఆడకూతురికి తట్టుకునే బలం ఇయ్యి తండ్రీ.”

“ఆమెన్” అన్నాడు గుణశేఖర్, క్రైస్తవుడు కాకపోయినా.

“పదండి, నేనూ వస్తాను. మీ ఒక్కరి వల్లా అయ్యేటట్టు లేదు. ఇక్కణ్ణించి వన్‌టౌన్‌లో వాళ్ళింటికి వెళ్ళేసరికి ట్రాఫిక్కు తినేస్తుంది” అంటూ ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని లేచింది.

గుణశేఖర్ కూడా లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, బయటికి పోకుండా తలుపు మూసి వెనక్కొచ్చాడు.

“కూర్చోండి మేడం.”

“మళ్ళీ రిహార్సలా? సరే, ఇదే ఆఖరు” అని కూర్చుంది. “ఊఁ, నర్గీస్‌ని. చెప్పండి.”

అతను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

“మిరియం గారూ, మీ ఆయన చనిపోయారు.”