ఎల్లవ్వ గాలిమోటరు

విమానం ఎడమకి ఒరిగింది. తర్వాత కుడికి ఒరిగింది. ఆ తర్వాత ఎటు ఒరగాలో దానికే తేలక ఊగడం మొదలుపెట్టింది.

కింద సూరత్ రన్‌వే కనిపిస్తోంది. ఒకసారి ఈ కిటికీలోంచి, ఒకసారి ఆ కిటికీలోంచి.

"రాజన్నా, కోడెను కడ్త! జర సల్లగ కిందికి దింపు సామీ!" దేవదాస్ ఇలవేల్పుకి మొక్కుతున్నాడు. నున్నటి గుండు మీంచి చెమటలు కారుతున్నాయి.

పక్క సీట్లో అతని తల్లి ఎల్లవ్వ పల్లీలు నములుతోంది. చచ్చేలోపు ఒక్కసారైనా గాలిమోటరు ఎక్కాలని పట్టుబట్టి, రెండు మేకలు అమ్మి కొడుకు వెంటపడ్డ మనిషి. ఆ మేకల విలువ వసూలయ్యేదాకా భయపడే ఉద్దేశం ఆమెకు లేదు.

"గింత చిన్న మోటరుకు గంత ఊపుడేందిరా? మనూరి ఆటోనే నయం."

"సప్పుడు చెయ్యకే అవ్వా!"

దేవదాస్‌ది ఒక్క ప్రాణభయమే కాదు. సాయంత్రం ఐదింటికి, కతర్‌గామ్‌లో అతను సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే షెడ్డులో యజమాని శేఠ్ ఓ కార్యక్రమం పెట్టాడు. సెలవు మీద ఊరెళ్ళిన దేవదాస్‌కి తిరిగి రావడానికి తనే విమానం టికెట్ తీసి పంపాడు. అందరూ నీకోసమే వస్తున్నారు, నువ్వు లేకపోతే ఎలా అని ఫోన్లో ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. షెడ్డులో మాస్టర్ కొలువు ఖాళీ అవుతోంది. శేఠ్ మనసు ఇంత మెత్తగా ఉన్న సమయం మళ్ళీ రాదు.

అందుకే విమానం ఎక్కేముందే తల్లికి గట్టిగా చెప్పాడు.

"దిగినంక నువ్వెవరో, నేనెవరో. నా పెండ్లాం వస్తది. దానెంట సీదా అమ్రోలి రూముకు పో. మా శేఠ్ కంట పడ్డవంటే నా నౌకరీ ఖతం."

"ఏంరా, నీ తల్లినని చెప్పుకోను సిగ్గయితుందా?"

దేవదాస్ తల దించుకున్నాడు. కన్నకొడుకు అలా తల దించుకుంటే ఏ తల్లికైనా మండుతుంది. ఎల్లవ్వకి ఇంకాస్త ఎక్కువే మండింది.

చక్రాలు నేలను తాకాయి. తాకీ తాకగానే పక్కకి తిరిగాయి. విమానం రన్‌వే దాటి గడ్డిలోకి దూసుకుపోయి, ముక్కు బురదలో కూరుకుని ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. దేవదాస్ మాత్రం బావురుమన్నాడు. తల్లిని కావలించుకుని, బతికామే అవ్వా అంటూ ఏడ్చాడు. ఆ కాసేపూ అతనికి శేఠూ గుర్తు లేడు, మాస్టర్ కొలువూ గుర్తు లేదు.

కిందికి దిగేసరికి చుట్టూ ఫోన్లు లేచాయి. అంతా వీడియోలే. దేవదాస్‌కి శేఠ్ మళ్ళీ గుర్తొచ్చాడు. తువ్వాలు ముఖానికి కప్పుకుని పక్కకి జారుకోబోయాడు.

ఎల్లవ్వ అతని చొక్కా దొరకబుచ్చుకుంది. తువ్వాలు లాగి పారేసింది.

"గీడు నా కొడుకు దేవదాసు! కతర్‌గామ్‌ల సాంచాలు నడుపుతడు. నేను వీని తల్లిని, ఎల్లవ్వను! మంచిగ సూడుండ్రి, నాకేం గాలే!"

పావుగంటలో ఆ వీడియో సూరత్ అంతా తిరిగింది.

షెడ్డులో తెల్లదుప్పటి మీద తెల్లబట్టలతో కూర్చున్న శేఠ్ ఆ వీడియో చూసి, తలెత్తి, దేవదాస్ తల్లి సంతాప సభ కోసం తానే పెద్దది చేయించి దండ వేసిన ఫోటోలోని ఎల్లవ్వని చూశాడు.