సున్నా సారు కీబోర్డు

నీళ్ల సరఫరా ఆఫీసులో కీబోర్డు ఒక్కటే. అది వైరు లేనిది. పైవరుసలో మొదటి మీట నొక్కితే అక్షరాలు సూపరింటెండెంటు కంప్యూటర్లో పడతాయి. రెండోది నొక్కితే కౌంటరు మీదున్న టాబ్లెట్‌లో పడతాయి. ఆ టాబ్లెట్ జనానిది. ‘మీ మాట ఇక్కడ రాయండి’ అని దాని పక్కన బోర్డు కూడా ఉంది.

రెండో మీట మీద మాత్రం దుమ్ము పేరుకుపోయింది.

దానికి కారణం పతకం. ఏడాది పొడుగునా ఒక్క ఫిర్యాదూ లేని ఆఫీసుకు డైరెక్టరు పతకం ఇస్తాడు. పతకం వచ్చినవాడికి ప్రమోషన్లో ముందు పీట. పదకొండేళ్లుగా అదే కుర్చీలో కూర్చుని, కుర్చీ కంటే ఎక్కువగా అరిగిపోయిన సూపరింటెండెంటుకు అది కావాలి. ఎలాగైనా కావాలి.

కాబట్టి కౌంటరు దగ్గర ఎవరైనా నిలబడగానే ఆయనకు అర్జంటు పని తగిలేది. కీబోర్డు దగ్గరకు లాక్కుని, ఎప్పటిదో పాత సర్క్యులరు మొదటి నుంచీ కొట్టడం మొదలుపెట్టేవాడు. వచ్చినవాళ్లు అరగంట చూసి, గంట చూసి, తిట్టుకుంటూ పోయేవాళ్లు. ఆ తిట్లు ఏ రికార్డుకూ ఎక్కవు. టాబ్లెట్ తెర మీదే వేలితో నొక్కి రాసే అక్షరాల పలకను ఆయన ముందే తీయించేశాడు. కాగితం మీద రాసిస్తే చెల్లదన్న రూలు ఉండనే ఉంది. ఫోను ఏ లెక్కలోకీ రాదు కాబట్టి, ఫోనులో ఎవరైనా చెబితే మాత్రం వాళ్లు కౌంటరు దాకా రాకుండా ఆ పూటే బాగుచేయించేవాడు. ఆఫీసులో చాటుగా ఆయన్ని సున్నా సారు అనేవాళ్లు.

“ఇంకో కీబోర్డు తెప్పిద్దామా సార్?” అని రికార్డుల గుమస్తా ఒకసారి అడిగింది.

“ఉన్నదాన్ని పంచుకోవడం నేర్చుకోవాలమ్మా” అన్నాడు, దాన్ని ఒళ్లో పెట్టుకుని.

ఏడాది చివర్లో ఒక పెద్దావిడ తగిలింది. వరుసగా ఎనిమిది రోజులు వచ్చింది. అరవదు, తిట్టదు. బెంచీ మీద కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటూ ఎదురుచూస్తుంది. అరిచేవాళ్లను సాగనంపడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఈ ఓపికను ఎలా సాగనంపాలో మాత్రం తెలియలేదు.

“రెండు ముక్కలే నాయనా. రాసేసి పోతాను.”

“చూస్తున్నారుగా అమ్మా, ఊపిరాడని పని. రేపు రండి.”

గుమస్తాకు జాలేసింది. “పాపం, ఏం విషయమో కనుక్కోనా సార్?”

“కనుక్కోకు. కనుక్కుంటే విన్నట్టు. కౌంటరు దగ్గర విన్నామంటే రాసుకోవాలి.”

ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రం ఐదింటికి ఏడాది జాబితా మూసేస్తారు. పెద్దావిడ నాలుగింటికే వచ్చి కూర్చుంది. సున్నా సారు సర్క్యులరు రెండుసార్లు కొట్టాడు. మూడోసారి సగంలో ఉండగా గడియారం ఐదు కొట్టింది. వేళ్లు వాచిపోయాయి గానీ ప్రాణం లేచొచ్చింది. ఇక ఆవిడ ఏం రాసినా వచ్చే ఏడాది కిందికే వస్తుంది. రెండో మీట నొక్కి, కీబోర్డు తనే స్వయంగా తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టాడు.

“తీరిగ్గా రాసుకోండమ్మా. ఎంత కావాలంటే అంత.”

ఆవిడ ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ రాసి, “వస్తాను నాయనా” అని వెళ్లిపోయింది.

ఐదుంపావుకు డైరెక్టరు ఫోను చేశాడు. “పతకం పక్క ఆఫీసుకు పోయిందయ్యా.”

“మాకు ఒక్క ఫిర్యాదూ లేదు కదండీ.”

“వాళ్లకూ లేదు. అలాంటప్పుడు జనం మెచ్చుకున్న ఆఫీసుకే ఇవ్వాలి. వాళ్ల గురించి ఎవరో ఒక మంచి ముక్క రాశారు. నీకు అదీ లేదాయె. ఒక్కటున్నా, నీ సర్వీసు చూసి నీకే ఇచ్చేవాణ్ణి.”

ఫోను పెట్టేసరికి ఆయనకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. ఎనిమిది రోజులు ఎదురుగా కూర్చున్న ఆ ముసలావిడ ఉసురే తగిలిందనుకున్నాడు. ఆవిడ రాసిందేదో చెరిపేస్తే గానీ కసి తీరదని టాబ్లెట్ తన వైపు తిప్పుకున్నాడు.

‘ఫోను చేసిన పూటే మా వీధి పైపు బాగుచేయించిన ఈ సూపరింటెండెంటు గారి లాంటి మంచి మనిషి ప్రతి ఆఫీసులోనూ ఒకరుండాలి’ అని రాసి ఉంది అందులో.