పగలని కప్పు

"ఏమమ్మోయ్! పగలగొట్టి పెట్టు!"

ఒజెల్లా అత్త కేకకు, సమాధి దగ్గర వంగిన ముసలామె తలెత్తింది. చేతిలో తెల్ల పింగాణీ కప్పు.

అమెరికా దక్షిణ కరోలినా తీరంలోని ఈ సెయింట్ హెలీనా దీవిలో సమాధి మీద కప్పును పగలగొట్టే పెడతారు. అప్పుడే చావు గొలుసు తెగుతుంది. లేకపోతే పోయినవాళ్లు ఉన్నవాళ్లను వెంట లాక్కుపోతారని భయం.

"మా అమ్మ పగలగొట్టొద్దంది. తెగకూడదంది."

"సమాధి మాది, శాస్త్రం మీ అమ్మదా!" అత్త మూతి విరిచింది.

ముసలామె పేరు లర్లీన్. పదకొండేళ్లుగా, ఈ కుటుంబమంతా కూడుకునే రోజునే జార్జియా బస్సు దిగుతుంది. బినా అవ్వ సమాధి చుట్టూ గడ్డి పీకుతుంది. మెట్ల మీద కూర్చుని, పెట్టిన ఎర్రన్నం, వేపిన చేప తిని పోతుంది. చర్చి పంపిన పనిమనిషి అనుకున్నారంతా.

ఈ వంశానికి మూలమైన బినా అవ్వను ఆఫ్రికా నుంచి బానిసగా ఓడలో తెచ్చారు. ఏ జాతి ఆడపడుచో తెలియదు. కొత్త సమాధిరాయి మీద ఆ ఒక్క మాటకు చోటు వదిలారు. అది నిండందే కన్ను మూయనని తొంభై ఏళ్ల అత్త పంతం.

అందుకే మేనకోడలు టావియా డీఎన్ఏ పరీక్ష గొట్టాలు తెచ్చింది. ముప్ఫై మంది ఉమ్మిచ్చారు. అందరికంటే ముందు అత్త.

ఒకటి మిగిలింది.

"నేనూ ఉమ్మనా పిల్లా?" అంది లర్లీన్.

"అన్నం పెడితే వంశం కూడా అడుగుతోందర్రా!" అంది అత్త.

అంతా నవ్వారు. టావియా మాత్రం గొట్టం అందించింది.

రెండు నెలలకు కాగితాలొచ్చాయి.

"అత్తా, మన ముప్ఫై మందివీ పనికిరావు. అవ్వ జాతి చెప్పే గుర్తు తల్లి నుంచే బిడ్డకొస్తుందట. కొడుకు తన పిల్లలకివ్వలేడు. మనమంతా బినా అవ్వ కొడుకు సంతానమే కదా!"

"కూతురు కూడా ఉందిగా, ఫీబీ!"

"తొమ్మిదో ఏటే అమ్మేశారు కదత్తా."

అత్త కాగితాల వైపు చెయ్యి చాపింది.

"ముప్ఫై ఒకటోది విను. మనలో తొమ్మిది మందితో రక్తం కలిసిందట. తల్లి వైపు ఆఫ్రికాలోని సియెర్రా లియోన్, మెండే జాతి."

"ఎవరిదే అది?"

"మెట్ల మీద తిన్నామెది."

ఆమె ఊరేదో ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. మరుసటి ఏడు అత్త బస్సు ఆగేచోటే కుర్చీ వేయించుకుంది.

లర్లీన్ దిగలేదు. ఆమె కూతురి కూతురు దిగింది. చంకలో ఆడపిల్ల, చేతిలో తెల్ల కప్పు.

"మా అవ్వ ఫిబ్రవరిలో పోయింది. మా తల్లుల్లో మొదటామె ఫీబీ అట. ఆమె అమ్మ ఇక్కడే ఉందట."

"మాతో ఒక్క మాటైనా అనలేదేమే!"

"వాళ్లడగనీ, అనేది."

అత్త ఆ పసిదాన్ని ఎత్తుకుని సమాధి దాకా కర్ర లేకుండా నడిచింది. రాతి మీద ఖాళీ నిండింది: మెండే ఆడపడుచు. ఎవరో ఆ తెల్ల కప్పు పగలగొట్టబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టుకోకు! తెగలేదురా, తెగలేదు!"

చప్పట్లు లేచాయి. పాదాలు నేల మీద దరువేశాయి. అత్త పసిదాన్ని పైకెత్తింది.

"చూడండర్రా, ఫీబీ ఇంటికొచ్చింది!"

పదకొండేళ్లుగా వస్తూనే ఉంది, వీళ్లే మెట్ల మీద కూర్చోబెట్టారు.