జుల్ఖుమార్ వెళ్లిపోకుండా

“ఆ జుల్ఖుమార్ కూడా వెళ్లిపోతే మన గతేంటే? కొట్టుకి తాళం వేసుకుని కూర్చోవడమేగా!” అంది హాసియత్, పెళ్లికూతుళ్లని ముస్తాబు చేసే ఆ కొట్టు తాళమే తీస్తూ.

కోడలు మౌజుదా జవాబు చెప్పలేదు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి అత్తగారి ఎదుట తలూపడమే తప్ప ఆమె నోరు విప్పి ఎరగదు. ఈ రోజుల్లో కోకందు ఊరు మొత్తం వెతికినా అలాంటి కోడలు దొరకదని ఇరుగుపొరుగు అంటుంటారు. ఆమె చీపురు అందుకుని వాకిలి ఊడవసాగింది.

“గవ్‌హర్‌ని చూశావా, పని నేర్పితే పెళ్లి చేసుకుని పోయింది. షరాఫత్ ఇంకా ఘనురాలు. ఎదురుగానే కొట్టు పెట్టి నా పెళ్లికూతుళ్లలో సగం మందిని ఎగరేసుకుపోయింది. పత్తి తీతలు అయ్యాయంటే పెళ్లిళ్లు మొదలవుతాయి. ఈ జుల్ఖుమార్ ఒక్కతే మిగిలింది. దీనికి జ్వరం వచ్చినా నాకు గుండె ఆగిపోతుంది.”

హాసియత్ భయం ఉత్తినే పుట్టలేదు. ఆ ఉదయమే టాక్సీ తోలే తోఖ్తాసిన్ ఇంటి తలుపు దగ్గర నిలబడి కబురు చెప్పాడు.

“అక్కా, మీ కొట్టులో మనిషి శుక్రవారం నా బండిలో తాష్కెంటు వస్తోందటగా!”

“ఎవర్రా చెప్పింది?”

“అక్కడ పెద్ద సెలూన్ ఆవిడ ఫోన్ చేసి సీటు ఉంచమంది. పోయిన నెల ఖాల్మతోవుల పెళ్లికి వచ్చిందట. పెళ్లికూతురి నలభై పాయల జడ చూసి మతి పోయిందట. ఆ చెయ్యి నాకు కావాలి, పట్టుకురా అంది.”

“పేరు చెప్పిందా?”

“లేదక్కా. నా పక్కన ముందు సీటే ఉంచమంది. పెద్ద మర్యాదే!”

ఆ మనిషి జుల్ఖుమారే అనుకుంది హాసియత్. ఆ పెళ్లిలో తను పులావు పళ్ళేల దగ్గర ఉండిపోయింది కానీ, లోపల జడ ఎవరు వేశారో చూడక్కర్లేదు. కొట్టుకి పేరు జుల్ఖుమార్ వల్లే. పెళ్లికూతుళ్లంతా ఆమె పేరు చెప్పుకునే వస్తారు. ఆమె ముఖాలు దిద్దుతుంది, కనుబొమలు తీరుస్తుంది, వచ్చినవాళ్లని నవ్విస్తుంది. మౌజుదా నీళ్లు కాచి, తలలు కడిగి, జడల పాయలన్నీ అల్లి, టీ పోసి, తువ్వాళ్లు ఉతికి ఆమెకి సాయం చేస్తుంది.

జుల్ఖుమార్ రాగానే హాసియత్ ఆమె సంచీ తనే అందుకుంది.

“రామ్మా. ఇవాళ్టి నుంచి కిటికీ పక్క కుర్చీ నీది. వెలుతురు బాగుంటుంది.”

“అది నీ కుర్చీ కదక్కా?”

“నాకెందుకే, ఎక్కడైనా పడుంటాను. సోమవారం నీకు సెలవు. ఈ నెల నుంచి జీతం పెంచుతున్నా. ఇదిగో, నీ గౌనుకి పట్టు గుడ్డ.”

జుల్ఖుమార్ గుడ్డని భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంది. “ఏంటక్కా ఈ రోజు? నన్ను కోడల్ని చేసుకుంటావా ఏంటి?”

“కోడలివైతే ఈ బాధంతా దేనికే! కోడలికి జీతం ఇవ్వక్కర్లేదు, పారిపోతుందన్న భయమూ లేదు.”

ఇద్దరూ పకపకా నవ్వారు. మౌజుదా వాళ్ల గిన్నెల్లో టీ పోసి వెనక్కి జరిగింది.

గురువారం దాకా హాసియత్ నిద్రపోలేదు. ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి వేడి సమోసాలు తెప్పించి జుల్ఖుమార్ ముందు పెట్టింది. మంచివి ఏరి ఆమె వైపు తోసింది. ఆమె తింటుంటే చూస్తూ కూర్చుని, చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

“రేపేనా ప్రయాణం?”

“ఏం ప్రయాణం?”

“దాచకే. తోఖ్తాసిన్ అంతా చెప్పాడు. తాష్కెంటు వాళ్లు నాకన్నా ఎంత ఎక్కువిస్తారు? మా ఆయన పోయాక నాకు ఈ కొట్టే దిక్కు. రష్యా వెళ్లిన కొడుకు ఫోన్ కూడా ఎత్తడు. నువ్వూ పోతే నేను బతికుండీ దండగే!”

“ఒట్టక్కా! నేనెక్కడికీ పోవట్లేదు. నా పిల్లల మీద ఒట్టు!”

“షరాఫత్ కూడా ఇలాగే ఒట్లు పెట్టింది.”

హాసియత్ లేచింది. తందూరు నుంచి అప్పుడే వచ్చిన గుండ్రటి రొట్టె ఒకటి తెచ్చింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని జుల్ఖుమార్ నోటి ముందు పెట్టింది.

“సరే, పో. నేను ఆపలేను. ఒక్క ముక్క కొరికి మరీ పో. మిగతాది గోడకి కట్టి ఉంచుతాను. మళ్లీ నువ్వే వచ్చి తినాలి.”

“నీ కొడుకు కొరికింది ఇంకా గోడకే వేలాడుతోంది. వచ్చాడా?” అనేసి జుల్ఖుమార్ నాలుక కరుచుకుంది. “తప్పు, తప్పు, క్షమించక్కా. కానీ కదలని మనిషి కొరికితే అరిష్టం. నేను ముట్టను.”

“కొరకవే!”

“వెళ్లనిదాన్ని ఎలా కొరికేదక్కా?”

హాసియత్ కళ్ల నీళ్లు ధారగా కారుతున్నాయి. “నేను నీకేం తక్కువ చేశాను? కుర్చీ ఇచ్చాను, సెలవిచ్చాను, కన్నకూతురికి పెట్టినట్టు పెట్టాను. ఇంకేం చేస్తే ఆగుతారే మీరు? ఒక్కసారైనా ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పండి!”

పొయ్యి దగ్గరున్న మౌజుదా వెనక్కి తిరిగి ఆ రొట్టె వంకే చూసింది. జుల్ఖుమార్ తల దించుకుంది. పొయ్యి మీద నీళ్లు మరిగి మరిగి చిందుతున్నా దించేవాళ్లు లేరు. రొట్టె పట్టుకున్న చేతులు నొప్పి పుట్టాయి. అయినా హాసియత్ దించలేదు.

“వెళ్లేది నేనత్తయ్యా, కానీ కొరకను.”