ఇద్దరికీ ఒక్కటే సీటు

“పలాస దాకా రాయె బావా. మజ్జానానికి తిరిగొచ్చీద్దుం.”

“నాను రాను. నువ్వెల్లు.”

ఉమాశంకర్ తలెత్తలేదు. రాలిన జీడిపళ్ళ నుంచి పిక్కలు తిప్పి తీసి బుట్టలో పడేస్తున్నాడు. ఎదురుగా నిలబడ్డవాడు త్రినాథ్. నిన్ననే జర్మనీ నుంచి దిగాడు. మొహం ఉబ్బి నిండుగా ఉంది, అక్కడి తిండి బాగానే పట్టినట్టుంది. చేసిందంతా చేసి, ఏమీ ఎరగనట్టు తోటలోకి వచ్చి బావా అని పిలుస్తున్నాడు. ఎంత గుండె!

యూనివర్సిటీలో ఇద్దరిదీ ఒకే క్లాసు, హాస్టల్లో ఒకే గది. జర్మనీలో చదువుకి ఫీజూ తిండీ అన్నీ అక్కడివాళ్ళే భరించే సీటు ఆ ఏడాది ఒక్కటంటే ఒక్కటే వచ్చింది. ఎంపికలో ఉమాశంకర్ మొదట, త్రినాథ్ తర్వాత. మొదటివాడికి ఏదైనా అడ్డొస్తే సీటు రెండోవాడిది. అడ్డు రానే వచ్చింది. ఇద్దరికీ విశాఖలో మెడికల్ టెస్టు పెట్టారు. త్రినాథ్ పాసయ్యాడు. ఉమాశంకర్‌కి ఒంటేలులో ఆల్బుమిన్ పోతోందన్నారు. అంటే కిడ్నీలు.

మిగతా ఏళ్ళలో ఛాతీ ఎక్స్‌రేతో సరిపెట్టేవాళ్ళు ఈసారే ఒంటేలు ఎందుకు అడిగారు? ఎవరో చెవిలో ఊదకపోతే అడుగుతారా? తండ్రి గుండెపోటుతో పోయాడని ఉమాశంకర్ ఇంటర్వ్యూలో చెప్పాడు. కాదు, కిడ్నీలు పాడై చనిపోయాడని తెలిసినవాడు యూనివర్సిటీ మొత్తానికి త్రినాథ్ ఒక్కడే.

వేరే జిల్లాలో అయితే ఇంకో డాక్టరుకి చూపించమని నలుగురూ పోరేవారు. ఉద్దానంలో ఆ మాట ఎవరి నోటా రాలేదు. వీధికి ఇద్దరు ముగ్గురు ఆ జబ్బుతో మంచాన ఉన్నచోట ఇంకొకడికి వచ్చిందంటే ఎవరు మాత్రం కాదంటారు? తల్లి కాసులమ్మ “మీ నాయన్ని మింగింది సాలక నిన్నూ పట్టుకుందేట్రా” అని గుండెలు బాదుకుంది. ఆ రోజు నుంచే కూరలో ఉప్పు మానేసింది. ఉమాశంకర్ చదువు మానేసి ఇంటికొచ్చేశాడు. మేనమామ కూతురు గౌరీశ్వరి మాత్రం వినలేదు. “ఎన్నాల్లుంటే అన్నాల్లే. నాకు నువ్వే కావాల” అని ఏడ్చింది. అతనే ఒప్పుకోలేదు. దాని బతుకు బుగ్గి చెయ్యడం ఇష్టంలేక నందిగాం సంబంధానికి తనే ముందుండి ఒప్పించాడు. మాఘమాసంలో పెళ్ళయిపోయింది. ఆ పందిట్లో అందరికీ నవ్వుతూ వడ్డించి, ఇంటికొచ్చి గోడకి తల బాదుకున్నాడు.

“నువ్వే సెప్పీసినావు. మా నాయన సంగతి నీకు తప్ప ఎవలికి తెల్సు?” అన్నాడు ఉమాశంకర్ ఉండబట్టలేక.

“మాయమ్మ తోడు, నాను సెప్పనేదు బావా.”

“మరి సీటు నీకెలాగొచ్చింది? ఆకాసంలోంచి ఊడి పడ్డాదేటి?”

త్రినాథ్ వంగి, రాలిన పండొకటి ఏరి ఉమాశంకర్ ముందు పెట్టాడు.

“సదువు మద్దిలో ఒగ్గీసి ఎందుకొచ్చీసినావు? అక్కడ కూడా ఎవల్నైనా ముంచీసినావేటి?”

“సలి పడనేదు బావా. ఒక్కపాలి మల్లీ టెస్టు సేయించుకో. నీ కాల్లట్టుకుంటాను.”

అన్నంత పనీ చేశాడు. జీడాకుల మీద మోకాళ్ళేసి కూలబడి రెండు పాదాలూ పట్టేసుకున్నాడు. అప్పుడే గంజి తెచ్చిన కాసులమ్మ కంగారు పడిపోయింది.

“ఓలమ్మా! అదేట్రా ఉమా, గుంటడు అంత ఇదైపోతంటే? ఎల్లరా, ఎల్లొస్తే ఏటైపోద్ది?”

తల్లి మాట తీసెయ్యలేక వెళ్ళాడు. బస్సులో త్రినాథ్ పక్కన సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్ళాడు.

పలాసలో డాక్టరు రక్తం తీయించాడు, ఒంటేలు తీయించాడు. రిపోర్టు చూసి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

“నీకు జబ్బని ఎవరు చెప్పారయ్యా?”

“విశాఖలో అన్నారండి.”

“ఎవరన్నారో గానీ నీ కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి.”

ఉమాశంకర్ నమ్మలేదు. మళ్ళీ చెయ్యమని బతిమాలాడు. మళ్ళీ చేశారు. అదే మాట.

బయటికొచ్చాక కాసేపు పిచ్చివాడిలా నవ్వాడు. తర్వాత ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని భోరుమన్నాడు. జబ్బు లేదు. ఏనాడూ లేదు. జర్మనీ పోయింది. గౌరి పోయింది. ఇప్పుడు దానికి మూడో నెలట. ఎవడో చేసిన తప్పుకి తన చేతులతో తనే అన్నీ వదిలేసుకున్నాడు.

“ఆ లేబోల్లు నా గొంతు కోసీసినారు బావా!” అని త్రినాథ్‌ని వాటేసుకున్నాడు. “నాను నిన్ననుమానించీసినాను. ఇన్నాల్లూ నిన్ను తిట్టని పూట నేదు. నువ్వేమో అంత దూరం నుంచొచ్చి నా కాల్లట్టుకుని మరీ నా పేనం నిలబెట్టినావు. తప్పైపోనాది. సెప్పుచ్చుకు కొట్టు నన్ను!”

“అలగనకు బావా...” అన్నాడు త్రినాథ్.

“అనకేటి? నాకు నీలాటోడు ఉండబట్టి సరిపోనాది.” ఉమాశంకర్ కళ్ళు తుడుచుకుని లేచాడు. “రేపే విశాక ఎల్దుం. ఆ లేబు మీద కేసెట్టీద్దుం. నువ్వే సాచ్చివి. ఆ దినం జనం ఎక్కువగున్నారని ఇద్దరి ఒంటేలు సీసాలూ కిటికీలోంచి ఇచ్చింది నువ్వే కదా. ఆల్లు ఎక్కడ తప్పు సేసినారో నువ్వే సెప్పాల.”

త్రినాథ్ అతని చేతులు మెల్లగా విడిపించుకుని వెనక్కి జరిగాడు.

“నీ పేరెట్టి ఇచ్చింది నా సీసా బావా.”