ఖాళీ కుర్చీ, హిల్డా దొరసాని

రిహార్సల్ జరుగుతుండగా ఆశీర్వాదం పరుగెత్తుకొచ్చి, కుర్చీలో ఉన్న దొరసాని చెయ్యి పట్టుకున్నాడు.

నాడి చూశాడు. కనురెప్ప ఎత్తి చూశాడు. స్ట్రెచర్ తెమ్మని కేకేయబోయాడు.

అప్పుడు హిల్డా దొరసాని వంకరపోయిన మూతి సరిచేసుకుని నవ్వింది.

"నాటకం, ఆశీర్వాదం" అంది.

ఆశీర్వాదం జగ్గయ్యపేట మిషన్ ఆసుపత్రిలో ఇరవయ్యేళ్లుగా కాంపౌండరు. పక్షవాతం రోగుల్ని చూడనివాడేం కాదు. అయినా మోసపోయాడు.

భవానీప్రసాద్‌కి మాత్రం ఒళ్లు మండింది. మంచి డైలాగు మధ్యలో తెగింది మరి.

భవానీప్రసాద్‌ది ఎరువుల కొట్టు. సాయంత్రమైతే ఊరి నాటక సమాజానికి ఆయనే దర్శకుడు, ఆయనే హీరో. నందిగామ పోటీల్లో ఉత్తమ నటుడి కప్పు కోసం నాలుగేళ్లుగా తపస్సు చేస్తున్నాడు. ఇంట్లో గాజు బీరువాలో దానికోసం ఒక అర ఖాళీగా కూడా ఉంచాడు. ఓడిన ప్రతిసారీ తప్పు మైకుదే. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే కాబోలని భార్య అంటుంది.

ఈ ఏడు నాటకంలో తల్లికి పక్షవాతం. మాట పడిపోయి, మొదట్నుంచి చివరిదాకా కుర్చీలోనే ఉంటుంది. ఆఖరి రంగంలో కొడుకు ఆమె కాళ్లు పట్టుకుని భోరున ఏడవాలి.

ఒక్క మాటైనా లేని వేషమే. అయినా ఊళ్లో పరువుగల ఆడది స్టేజీ ఎక్కదు. విజయవాడ నుంచి పుష్పవతి రావాలి. ఆవిడ నాటకం రోజు పొద్దున బస్సు దిగుతుంది, ఆట కాగానే బస్సెక్కుతుంది. అందాకా ఆ కుర్చీ ఖాళీ.

ఖాళీ కుర్చీ కాళ్లు పట్టుకుని ఏడవడం ఎవరి తరం? రోజూ పక్కనున్న మిషన్ ఆవరణ నుంచి వచ్చి గోడ వార నిలబడి చూసే దొరసానిని, కాస్త ఇందులో కూర్చోమని భవానీప్రసాద్ అడిగాడు. అరవై దాటిన మనిషి. మూడేళ్ల కింద వచ్చి ఆసుపత్రిలో కట్టు గుడ్డలు చుట్టిపెడుతోంది. అంతకుముందు ఏం చేసేదో ఎవరూ అడగలేదు. దొరసాని అంటే దొరసానే.

ఆమెకి నటన కూడా నేర్పాడు. ఎడమ చెయ్యి ఇలా వేలాడాలి, చూపు ఒకచోటే నిలవాలి అని చేసి చూపించాడు. ఆమె బుద్ధిగా తలూపింది.

ఆ రోజు నుంచీ గ్లిజరిన్‌తో పని లేకపోయింది. ఆ ముఖంలోకి చూస్తే చాలు, పోయిన అమ్మ గుర్తొచ్చి భవానీప్రసాద్‌కి కన్నీళ్లు వాటంతటవే కారేవి. ఎందుకో అంతుబట్టలేదు. చూస్తే తెల్ల ముసలావిడ. కదలదు, మెదలదు. ఆలోచించి ఆలోచించి, తన నటన పండిందని తేల్చుకున్నాడు.

పోటీ రోజు నందిగామలో బస్సు మీద బస్సు వచ్చింది గానీ పుష్పవతి దిగలేదు. మధ్యాహ్నానికి జ్వరమని కబురొచ్చింది.

నాటకం చూద్దామని ఆశీర్వాదంతో వచ్చిన దొరసాని ముందుకొచ్చింది.

"నేను చేస్తా, బాబూ."

భవానీప్రసాద్ కంగారుపడ్డాడు. "తెల్ల తల్లికి తెలుగు కొడుకేంటమ్మా? జనం నవ్వుతారు."

ఆమె ఇంగ్లీషులో ఏదో చెప్పింది.

"రంగేసుకుంటే తెలీదంటున్నారండి. గంట టైమిస్తే చాలంట" అన్నాడు ఆశీర్వాదం.

"రిహార్సల్ వేరు, స్టేజీ వేరు. ఎదర వెయ్యిమంది కూర్చుంటే కాళ్లు వణుకుతాయి. అనుభవం ఉండాలని చెప్పు."

ఆశీర్వాదం చెప్పాడు. ఆమె ఏదో అనబోయి ఆగింది. సరే బాబూ అని, వెళ్లి జనంలో కూర్చుంది.

హార్మోనియం వాయించే రత్తయ్య మీసం తీసేసి, చీర కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. కొడుకు కాళ్లు పట్టుకోగానే చక్కిలిగింత పుట్టి కిసుక్కుమన్నాడు. జనం గొల్లుమన్నారు. భవానీప్రసాద్ కంట్లో చుక్క తడి లేదు.

మరుసటి ఏడు అదే నాటకానికి రిహార్సల్సు మొదలవగానే దొరసాని ఎవరూ పిలవకుండానే వచ్చి కుర్చీలో కూర్చుంది. వేషానికి మాత్రం మళ్లీ పుష్పవతికే కబురు పెట్టారు.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం ఆమె రాలేదు. నిద్రలోనే పోయిందని ఆశీర్వాదం చెప్పాడు. ఆ కుర్చీ చూస్తే భవానీప్రసాద్‌కి ఏడుపొచ్చింది. నాలుగు మాటలైనా మాట్లాడుకోని మనిషి కోసం ఇంత ఏడుపేమిటో అర్థం కాలేదు.

నెల తిరక్కుండా, ఆశీర్వాదం ఒక తెల్లమ్మాయిని కొట్టుకి తీసుకొచ్చాడు. దొరసాని మేనకోడలట. ఆ అమ్మాయి సంచీలోంచి ఒక ఉత్తరం తీసింది. దొరసాని తనకి రాసిన ఆఖరి ఉత్తరం.

ఆశీర్వాదం తెలుగులో చెప్పాడు. "'పోయినేడు ఇక్కడ నాటకాలాయన్ని ఒక వేషం అడిగాను. అనుభవం లేదని వద్దన్నాడు. తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటున్నా. రోజూ వెళ్లి కూర్చుంటున్నా. ఈ ఏడు తప్పకుండా ఇస్తాడు.'"

భవానీప్రసాద్ తల దించుకున్నాడు. ఒక పూట ఇచ్చి ఉంటే ఏం పోయేది అనిపించింది. అయినా ఈ మాత్రం దానికి ఆ పిల్ల సముద్రాలు దాటి తన కొట్టుకి ఎందుకొచ్చినట్టు?

అదే అడగమన్నాడు. ఆ అమ్మాయి చాలాసేపు చెప్పింది. వింటూ వింటూ ఆశీర్వాదం ఎరువు బస్తా మీద కూలబడ్డాడు.

"ముప్పై ఏళ్లు లండన్‌లో దొరసానిగారి పేరు నాటకాల బోర్డు మీదుంటే టిక్కెట్లు దొరికేవి కావంటండి, ఆ తర్వాత విరక్తి పుట్టి ఎవరెంత బతిమాలినా స్టేజీ ఎక్కలేదంట, మళ్లీ తనంతట తాను నోరు తెరిచి అడిగిన వేషం మీదొక్కటేనంట, అందుకని మిమ్మల్ని ఒక్కసారి చూసి పోదామని వచ్చిందంట."